బెంచీ మీద ఎరుపు

ఆ వేసవిలో మా బావ హారన్ కొట్టడం మానేశాడు.

చెప్తే నవ్వుతారు గానీ, మా ఇంట్లో జరిగిందంతా అక్కణ్ణుంచే మొదలు. బావ సిటీ బస్సు డ్రైవరు. నాది అద్దాల షాపు. కిటికీలకీ తలుపులకీ ఫోటోలకీ అద్దాలు కోసి బిగిస్తాను. ఆయన బస్సు రోజూ నా షాపు ముందునుంచే పోతుంది, స్టాపు కూడా నా షట్టరుకి ఎదురుగానే. బస్సు మలుపు తిరగ్గానే నేను వెళ్లి స్టాపులో నిలబడి చెయ్యెత్తేవాణ్ణి. ఆయన బ్రేకు మీద కాలేసే సమయానికి ఆ ఎత్తిన చేత్తోనే తల గోక్కునేవాణ్ణి. ఒక్కోసారి సైనికుడిలా సెల్యూట్ కొట్టేవాణ్ణి. ఒక్కోసారి కుంటుకుంటూ బస్సుకోసం పరిగెత్తి, తలుపు తెరుచుకోగానే చక్కగా నడుచుకుంటూ వెనక్కొచ్చేసేవాణ్ణి. ఆరో తరగతి వీడిపోలేక రెండేళ్లున్నవాడికి ఇంతకంటే పెద్ద బుద్ధులెక్కణ్ణుంచి వస్తాయని మా అక్క అంటుంది.

బావ మాత్రం నవ్వేవాడు కాదు, తిట్టేవాడు కాదు. మొహం కరెంటు స్తంభంలా పెట్టుకుని రెండు పొట్టి హారన్లు కొట్టి పోయేవాడు. పీప్, పీప్. చూశాన్లేరా వెధవా అని దానర్థం. అక్క పెళ్లైన కొత్తల్నుంచీ ఆడుతున్న ఆట ఇది.

ఆ పీప్ పీప్ ఆగిపోయింది. నేనెన్ని వేషాలేసినా బస్సు తిన్నగా వచ్చి తిన్నగా పోయేది.

కోపమనుకున్నాను. కోపానికి కారణం కూడా ఉంది మరి. ఆ కారణం ఆయన కన్నకూతురు.

నా మేనకోడలు బొమ్మల చదువు చదువుకుంది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి నా షాపులో విరిగిన ముక్కలేరుకుని, ఒక్కోటీ ఎండకి పట్టి చూస్తూ కూర్చునేది. అందుకని దానికి గాజుపురుగు అని పేరు పెట్టాను. పెద్దయ్యాక గాజు మీద రంగులేసి కొలిమిలో కాల్చే పని నేర్చుకుంది. ఆ యేడు, బస్టాపుల్లో తుప్పుపట్టిన రేకులు తీసేసి రంగుల అద్దాలు పెడదామని కార్పొరేషన్ వాళ్లు అనుకున్నారు. చాలామంది బొమ్మలు పంపారు. దీనివి ఎంచుకున్నారు. చేతిలో ఉన్న డ్రాయింగు టీచరు ఉద్యోగం వదిలేసి మరీ దిగింది. చూస్తే ఆ రూటు సరిగ్గా వాళ్ల నాన్న నడిపే రూటు.

"స్టాపుకో రంగు మామయ్యా" అంది. "ఆస్పత్రి దగ్గర ఆకుపచ్చ. బడి దగ్గర నీలం. నీ షాపు ముందు ఎరుపు."

"నాకెందుకే ఎరుపు?"

"నీ షట్టరు ఎరుపు కదా. ఆ స్టాపులో జనం చూసేవి రెండే. నీ షట్టరు, నీ కోతిచేష్టలు. రెండోదాన్ని అద్దంలో పెట్టలేను."

ఇల్లంతా కాగితాలే. స్టాపు అసలు సైజులో గీసిన బొమ్మ గుమ్మం దగ్గర మొదలై వంటింట్లో ఆగేది. అక్క పొయ్యి దగ్గరికి పోవాలంటే "ఒసే, ఎరుపు మీద అడుగెయ్యనా, తెలుపు మీద వెయ్యనా" అని అడిగి మరీ కదిలేది. ఒక సాయంత్రం బావ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి కిందకి చూశాడు.

"ఇది ఏ వైపు గోడ?"

"నువ్వొచ్చే వైపు నాన్నా. దూరంనుంచి ముందు కనపడేది అదే కదా. అందుకే నిండుగా వేశాను."

"దీని వెనక మనిషి నిలబడితే?"

"కనపడతాడు. మధ్యలో ఇంత వెడల్పు పట్టీ ఖాళీగా వదిలాను, చూడు."

"కనపడడు."

"నేను ముక్క చేసి పెట్టి చూశాను నాన్నా..."

"కనపడడన్నాను కదే! ఉత్త స్టాపులోనే మనిషి కనపడి చావట్లేదు ఈ మధ్య. సాయంత్రం ఎండ మొహాన కొడుతుంది. దానికి తోడు ఈ రంగులు. నా బస్సు కోసం నిలబడ్డవాణ్ణి నేను వదిలేసి పోవాలా? ముసలివాళ్లుంటారు, పిల్లతల్లులుంటారు."

"మిగతా డ్రైవర్లకి చూపించాను. బాగుందన్నారు."

"వాళ్లకేం, ఏది చూపించినా బాగుందంటారు. నేను డిపోలో చెప్తాను."

చెప్పాడు కూడా. డిపోలో ఆయనే పెద్ద. పెద్దాయన అన్నాక కుర్రడ్రైవర్లు కూడా తలూపారు. పని ఆపేశారు. కార్పొరేషన్ మేడం వచ్చి పద్ధతిగానే మాట్లాడింది. వానలు పడేలోపు ఒక్క స్టాపు కట్టండి, సాయంత్రం ఎండలో బస్సు నడిపించి చూద్దాం, డ్రైవరుకి మనుషులు కనపడితే మిగతావన్నీ కట్టండి, లేదంటే మళ్లీ రేకులే వేసుకుందాం అంది. ఆ బస్సు నడిపేది ఎవరయ్యా అంటే, అడ్డు చెప్పినాయనే నడపాలన్నారు. కట్టాల్సిన స్టాపు నా షాపు ముందుది.

ఇంక ఇంట్లో తండ్రీ కూతుళ్లకి మాటల్లేవు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని అక్క చేత చెప్పించుకునేవాళ్లు. "అమ్మా, నాన్నని కాలు తియ్యమను, కాగితం నలుగుతోంది." "ఏమేవ్, ఈ ఇంట్లో నేను కాలెక్కడ పెట్టుకోవాలో అడుగు." అక్క కండక్టరైపోయింది. ఇటు టిక్కెట్టు అటివ్వడం, అటు చిల్లర ఇటివ్వడం.

గాజుపురుగు మాత్రం తండ్రి మాట గాలికి వదల్లేదు. కొన్నాళ్లు అలిగి, ఒకరోజు షాపుకొచ్చి గీసినవన్నీ చుట్టచుట్టి పక్కన పడేసింది.

"రంగులు గోడల మీంచి తీసేస్తున్నా మామయ్యా. పైకప్పుకెక్కిస్తా. గోడలన్నీ ఉత్త అద్దాలు. మనుషులు నిలువునా కనపడతారు. రంగు పైనుంచి ఎండలో దిగి కిందపడుతుంది. ఇంకేమంటాడో చూస్తా."

"పంతమా, ప్రేమా ఇది?"

"నువ్వు అద్దం కొయ్యి ముందు."

ఇంకో వింత కూడా జరుగుతోంది అప్పుడు. బావ నా షాపులో అద్దాలు తుడిచే మందు సీసా మీద సీసా పట్టుకుపోయేవాడు. డ్యూటీ ఎక్కేముందు బస్సు ముందద్దం పాతపేపరు పెట్టి తుడిచిందే తుడిచేవాడు. "పెళ్లిచూపులకి తీసుకెళ్తున్నావా బావా బస్సుని?" అని నేను ఏడిపించేవాణ్ణి. "దుమ్మురా, దుమ్ము" అనేవాడు. ఆ డిపో మొత్తమ్మీద అంత శుభ్రమైన అద్దం ఇంకో బస్సుకి లేదు.

ఎలాగైనా ఆ పీప్ పీప్ మళ్లీ కొట్టించాలని పట్టుపట్టాను. షాపులో మనిషెత్తు ఫోటోకని చేసిన పెద్ద చెక్క ఫ్రేముంది. అద్దం ఇంకా వెయ్యలేదు. ఒక మధ్యాహ్నం దాన్ని మోసుకెళ్లి స్టాపు ముందు, రోడ్డు అంచున నిలబడ్డాను. ఫ్రేములో మొహం పెట్టి, మెల్లకన్ను పెట్టి, నాలుక బయటపెట్టాను. బస్సొచ్చింది. కిటికీల్లోంచి జనం ఒకటే నవ్వు. కండక్టరు ఈల మింగేసేలా నవ్వాడు. బావ నా వైపు చూశాడు. సూటిగా నా మొహంలోకే చూశాడు. చూసి, స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి గుండెల మీద పెట్టుకుని, తల కాస్త వంచి, వెళ్లిపోయాడు.

అబ్బ, నన్ను మించిపోయాడురా అనుకున్నాను.

ఆ రాత్రి అందరం భోజనాలకి కూర్చున్నాం. బావ కంచంలో చెయ్యిపెట్టి అడిగాడు. "ఒరేయ్, ఇవాళ మీ షాపు ముందు ఎవరో పెద్ద ఫోటో పట్టుకుని నిలబడ్డారు. ఎవరు పోయార్రా?"

అక్క పకపకా నవ్వింది. గాజుపురుగు కూడా పంతం మర్చిపోయి, గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వింది. సంగతి నేను ముందే ఇద్దరికీ చెప్పి ఉన్నాను మరి. ఎన్నాళ్లకో ఇంట్లో నవ్వు వినపడింది.

బావ నవ్వలేదు. "నవ్వుతారేంటి? పోయింది ఎవరని అడుగుతుంటే."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆయన మొహం చూశాను. వేళాకోళమాడే మనిషి కళ్లు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు, నేను పుట్టిందే దానికి. ఆ కళ్లలో అదేమీ లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

"వెనక వీధి ముసలాయన బావా" అన్నాను.

"పాపం" అన్నాడు. అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.

టఫెన్ చేసిన, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దానికి ఒక గుణముంది. కొలిమిలోకి పోకముందు దాన్ని ఎలాగైనా కొయ్యచ్చు, చిల్లులు పెట్టచ్చు, అంచులు అరగదియ్యచ్చు. ఒకసారి కాలి బయటికొచ్చిందా, అంతే. మీదికెక్కి తొక్కినా ఊరుకుంటుంది గానీ, అంచు దగ్గర కాస్త గీరబోయారంటే మొత్తం గింజలు గింజలుగా రాలిపోతుంది. మా బావ ఆ రకం మనిషి. ఎక్కడ ముట్టుకోవాలో తెలీక నేను రెండు మూడు రోజులు ఆయన చుట్టూ తిరిగాను.

చివరికి ఆయనే షాపుకొచ్చాడు, తన సెలవు రోజున, కూతురు లేని సమయం చూసి. వాదన గెలవడానికొచ్చాడు. గోడకి ఆనించి ఉన్న అదే చెక్క ఫ్రేమును రెండు చేతులా ఎత్తి, వీధి వైపు పట్టుకున్నాడు.

"ఇదిగో, ఇలాంటిదేగా మీరు వెయ్యబోయేది. దీంట్లోంచి చూడు. ఆ స్టాపులో ఉన్నది మనిషో స్తంభమో తెలుస్తోందా? రంగు లేకుండానే ఇంత మసగ్గా ఉంటే, రంగేశాక ఇంకెలా ఉంటుంది?"

నేను చేతిలో ఉన్న అద్దం కోసే కట్టరు బల్ల మీద పెట్టాను.

"దానికి అద్దం లేదు బావా."

"నీ వేషాలు నా దగ్గరా?"

"ఒట్టు."

"ఒరేయ్, అన్నిటికీ ఎకసెక్కాలేనా? ఒక్కసారి తిన్నగా మాట్లాడి చావు."

మాట్లాడి లాభం లేదు. నా నోటికి ఊళ్లో ఉన్న పరపతి అలాంటిది. ఫ్రేముకి అవతలివైపు వెళ్లి, దాంట్లోంచి చెయ్యి పెట్టి, ఆయన చొక్కాకి ఊడిపోయి ఉన్న పై గుండీ పెట్టాను.

ఆయన నా చేతి వైపు చూశాడు. తర్వాత ఫ్రేము వైపు చూశాడు. మెల్లిగా కిందకి దించి, పడిపోతుందేమోనన్నంత జాగ్రత్తగా గోడకి ఆనించి, సామాను పెట్టె మీద కూర్చున్నాడు.

"నిజంగా అద్దమే అనుకున్నానురా" అన్నాడు. "బస్సుది కూడా. దుమ్మే అనుకున్నా."

"డాక్టరు దగ్గరికి పోదాం."

"పోతే కాగితం డిపోకి వెళ్తుంది. ఆ మర్నాడు నేను బస్సెక్కను." చేతికంటిన దుమ్ము దులుపుకున్నాడు. "ఎక్కకపోతే పోయె. కానీ ఇప్పుడు సంగతి బయటపడితే, చూపులేనివాడి మాట విని పిల్ల పని ఆపారా అని ఊరంతా నవ్వుతుంది. అది నా మొహం ఎలా చూస్తుంది? ఆ ట్రయలు కానివ్వు. ఆ రోజు నేనే అందరిముందూ బాగుంది, కనపడుతోంది అని చెప్పి, బస్సు దిగి, డాక్టరు దగ్గరికి నడుస్తా. నా వల్ల ఆగింది నా నోటితోనే కదలాలి. అప్పటిదాకా నోరు మూసుకో. నీకు చేతనవుతుందా?"

"నోరు మూసుకుంటా. కానీ నువ్వు బస్సు నడిపినంతసేపూ నీ పక్కన నేనుంటా."

అలా నేను షాపుకి తాళమేసి, డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడే ఉద్యోగంలో చేరాను. జనానికి అనుమానం రాకూడదు కదా, నాకు తెలిసిన విద్యే మొదలుపెట్టాను.

"అదిగోనండీ, ఎడమ పక్క సైకిలు. సైకిలు మీదాయన, ఆయన మీద గ్యాసు బండ. ఆయనకి దారిద్దామా బావా? ఇదిగో కుడి పక్క పెద్దావిడ. రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచన చేస్తోంది. దాటాలనే తేలింది. ఆగాం. ముందు లారీ. దాని వెనకాల రాతలు మరీ బాగా చదవగలుగుతున్నాం, కాస్త దూరంనుంచి చదువుదాం."

బస్సంతా నవ్వు. "రేడియో పెట్టించారేంటండీ బస్సులో?" అనేవాళ్లు. కొంతమంది నా మాటల కోసమే ముందొచ్చిన బస్సు వదిలేసి ఈ బస్సెక్కేవాళ్లు. బావ మాత్రం మెడ తిప్పకుండా, నా నోట్లోంచి వచ్చే ప్రతి ముక్కకీ కాలూ చెయ్యీ కదిలించేవాడు. వాళ్లకి అది హాస్యం. నా వీపు మాత్రం చెమటకి తడిసి చొక్కా అంటుకుపోయేది.

ఒకరోజు వెనకాల కూర్చున్నాయన "లారీ మాట ఇంకోసారి చెప్పండి సార్, మా ఆవిడ వినలేదట" అన్నాడు. పొగిడితే పొంగిపోయే జన్మ నాది. వెనక్కి తిరిగి చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ ముందుకి తిరిగాను.

"బావా!"

ఆ ఒక్క మాటే వచ్చింది. బ్రేకు పడింది. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. బస్సు మూతి ముందు ఖాళీసీసాల తోపుడుబండి అడ్డం తిరిగి ఆగి ఉంది. బండివాడు రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు. సీసాలు దొర్లుకుంటూ వచ్చి బస్సు చక్రాల కింద ఒక్కోటీ చిట్లుతున్నాయి. పగిలే అద్దం చప్పుడు నాకు జోలపాటలాంటిది. ఆ రోజు ఒక్కో చప్పుడూ వెన్నులో దిగింది.

"భలే ఆపారండీ డ్రైవరుగారు!" అన్నారు వెనకనుంచి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

బావ స్టీరింగ్ వదల్లేదు. బండివాడు బాగానే ఉన్నాడని నేను దిగి చూసి వచ్చి చెప్పేదాకా ఊపిరి వదల్లేదు.

"రేపణ్ణుంచి సెలవు పెట్టు" అన్నాను చెవిలో. "ఆ ట్రయలు ఒక్కటే. ఖాళీ బస్సు, వీధి మూసేస్తారు. అదీ నీ మాట కోసం. దాని ముందు గానీ దాని తర్వాత గానీ నువ్వు తాళం ముట్టుకుంటే, నేను డిపోకెళ్లి అరుస్తా. ఇది వేళాకోళం కాదు."

"తెలుస్తోందిలే" అన్నాడు. మర్నాడు నడుం పట్టేసిందని సెలవు పెట్టాడు. అక్క రోజూ నడుముకి కాపడం పెట్టేది. ఆయన బోర్లా పడుకుని, నొప్పిలేని నడుముకి వేడి వేడి కాపడం పెట్టించుకుంటూ నా వైపు ఒక చూపు చూసేవాడు. ఇంకెప్పుడైనా అయితే చచ్చేలా నవ్వేవాణ్ణి.

పైకప్పు తయారైంది. ఎరుపు రంగు ఓ పట్టాన లొంగదు. కాలకముందు ఇటికపొడిలా ఉంటుంది, వేడి ఎక్కువైతే కాఫీరంగు తిరుగుతుంది. మొదటి పలక అలాగే పోయింది. రెండోదానికి గాజుపురుగు కొలిమి ముందు కుర్చీ వేసుకుని కదల్లేదు. మర్నాడు చల్లారాక తీసి ఇద్దరం ఎండకి పట్టాం. నేను జన్మలో అంత ఎరుపు చూడలేదు. చూసినవాడి చొక్కా కూడా ఎర్రబడింది.

స్టాపుకి బిగించిన సాయంత్రం ఎండ వాలి, ఆ రంగు పైనుంచి జారి సరిగ్గా బెంచీ మీద పడింది. మనిషంత ముద్ద. గాజుపురుగు వెళ్లి దాంట్లో కూర్చుని, ఎర్రబడిన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"నాన్న అడిగినట్టే చేశాను మామయ్యా. గోడలకి చుక్క రంగు లేదు. మనుషులందరూ కనపడతారు. ఇప్పుడైనా బాగుందంటాడా?"

"అంటాడే."

"నీకెలా తెలుసు? నువ్వీమధ్య జోకులు కూడా వెయ్యట్లేదు. నాకు భయమేస్తోంది నిన్ను చూస్తుంటే."

"పళ్లు నొప్పే, నవ్వితే సలుపు" అన్నాను. అది నమ్మలేదు. నేనూ అంతకంటే మంచి అబద్ధం వెతకలేకపోయాను.

ట్రయలు రోజు బస్సులో మేడం, ఒక ఇంజినీరు, డిపో మేనేజరు, గాజుపురుగు, కండక్టరు, నేను. అక్క నా షాపు మెట్ల మీద కూర్చుంది. వీధికి రెండువైపులా తాళ్లు కట్టారు. నేను అలవాటుగా డ్రైవరు పక్కన కడ్డీ పట్టుకున్నాను.

"మీరు వెనక్కి రండి" అన్నాడు ఇంజినీరు. "డ్రైవరుతో ఎవరూ మాట్లాడకూడదు."

"నేను మాట్లాడితేనే ఆయనకి హుషారండీ."

"అందుకే వద్దంటున్నాను. మనుషులు కనపడుతున్నారో లేదో ఆయనే చెప్పాలి. స్టాపులో ఎవరైనా ఉంటే ఆపండి, లేకపోతే ఆపకుండా పోండి. ఎప్పుడు ఉంటారో ఎప్పుడు ఉండరో ముందు చెప్పం. సరేనా డ్రైవరుగారూ?"

"సరేనండి" అన్నాడు బావ.

నేను వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నోరు నాకు బరువుగా తోచింది.

మొదటి చుట్టు. స్టాపులో మనుషుల్ని నిలబెట్టారు. అలవాటు ప్రకారం వాళ్లు చేతులెత్తి ఊపారు. బావ ఆపాడు. మేడం తలూపింది. గాజుపురుగు నా చెయ్యి పట్టుకుంది. ఇంకొక్క చుట్టు, అయిపోతుంది, అనుకున్నాను.

రెండో చుట్టుకి బస్సు మలుపు తిరిగింది. ఎండ ఎదురుగా ఉంది. స్టాపు ఖాళీ. మూడు వైపులా తళతళలాడే ఉత్త అద్దాలు. లోపల పిట్ట కూడా లేదు. బస్సు అలాగే వెళ్లిపోవాలి. వెళ్తోంది. వెళ్తూ, వెళ్తూ, నెమ్మదించింది. స్టాపు ముందు ఆగింది.

తలుపు తెరుచుకుంది.

బావ బెంచీ వైపు వంగి, ముసలివాళ్లతోనూ పిల్లతల్లులతోనూ మాట్లాడే మెత్తని గొంతుతో అన్నాడు. "రా తల్లీ, ఎక్కు. నిదానంగానే రా."

బెంచీ మీద ఎరుపు కదల్లేదు.

బస్సులో ఎవరికీ ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. ముందు డిపో మేనేజరు నవ్వాడు. "పెద్దాయన మంచి హాస్యగాడే! మాకెప్పుడూ తెలీలేదు." కండక్టరు నవ్వాడు. మేడం కూడా చిన్నగా నవ్వింది. "ఇది ఈయన సావాసమేనా?" అని నన్ను చూపించింది.

అంతా నా వైపు తిరిగారు. దారి తెరిచే ఉంది. నేను ఒక్క నవ్వు నవ్వి, "నా శిష్యుడేనండీ" అంటే చాలు. అది హాస్యమైపోతుంది. నా నాలుక చివర ఉంది ఆ మాట. నా చేతిలో గాజుపురుగు చెయ్యి ఉంది. అది నవ్వట్లేదు. వాళ్ల నాన్న వీపు వైపు చూస్తోంది.

ఇంజినీరు మాత్రం బెంచీ వైపు చూస్తూ మెల్లిగా అన్నాడు. "హాస్యం కాకపోతే మాత్రం ఆలోచించాల్సిందే మేడం. ఆ రంగు మనిషిలా భ్రమ పెడుతోందంటే..."

అప్పుడు బావ సీట్లో వెనక్కి తిరిగాడు. ఎవర్నో వెతుకుతున్నట్టు అందరి మీదా చూపు తిప్పి, నేనున్నవైపు ఆపాడు.

"మా బావమరిది నవ్వుతున్నాడాండీ?" అని అడిగాడు.

కండక్టరే చెప్పాడు. "లేదు."

"వాడు నవ్వలేదంటే అది హాస్యం కాదండీ." బావ ఇంజను ఆపాడు. హ్యాండుబ్రేకు లాగాడు. తాళం తీసి డిపో మేనేజరు ఉన్న దిక్కుకి చాపాడు. "అద్దం తప్పేం లేదు. ఎర్రబట్టల్లో ఎవరో ఆడమనిషి కూర్చుంది అనుకున్నాను. ఇంకో డ్రైవర్ని పిలిపించి నడిపించండి, ఎవరూ ఆపరు. నేను అప్పుడు పెట్టిన ఫిర్యాదు కూడా అద్దం మీద కాదు, నా కళ్ల మీద. నాకే తెలీలేదు."

మేనేజరు తాళం అందుకోవడానికి చాలాసేపు పట్టింది.

గాజుపురుగు లేచి ముందుకి నడిచింది. ఏమంటుందో అని నేను బిగుసుకుపోయాను. డ్రైవరు సీటు పక్కన, రోజూ నేను నిలబడే చోట నిలబడింది.

"అమ్మతో చెప్పించాలా, నాతో చెప్తావా?" అంది.

"నీతోనే చెప్తా" అన్నాడు బావ. "బాగుందే. ఈ మధ్య నాకు స్పష్టంగా కనపడింది అదొక్కటే."

"దిగుదాం పద నాన్నా. మెట్టుంది. ఇంకో మెట్టు."

ఆ సాయంత్రమే కుర్రడ్రైవరొకడు వచ్చి బస్సు తిప్పాడు. ఒక్కసారి కూడా తప్పు ఆగలేదు. వానలు మొదలయ్యేసరికి మిగతా స్టాపుల పని మొదలైంది. డాక్టరు బావ కంట్లో లైటు వేసి చూసి, వెనకాల ఏదో అరిగిపోయింది, ఉన్నది నిలబెడతాం గానీ పోయింది తేలేం అన్నాడు. డిపోలో కూర్చునే పని ఇచ్చారు. ఇంటికొచ్చి మొదట్లో చాలా రోజులు ఉత్త చేతుల్ని ఒళ్లో గుండ్రంగా పెట్టుకుని కూర్చునేవాడు. అక్క చూసి లోపలికి వెళ్లిపోయేది.

ఇప్పుడు తనే బస్సెక్కి డిపోకి పోయి వస్తాడు. ఎవరి సాయం వద్దంటాడు. ఆకుపచ్చ వెలుతురొస్తే ఆస్పత్రి. నీలమొస్తే బడి. ఎరుపొస్తే లేచి, "దిగాలి, దారివ్వండి" అంటాడు. దిగి, నేను షాపు కట్టేదాకా ఆ స్టాపులోనే బెంచీకి ఒక చివర కూర్చుంటాడు. రెండో చివర ఎరుపు కూర్చుంటుంది.

మొన్నొక సాయంత్రం, బుద్ధి ఊరుకోక, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పిల్లిలా వెళ్లాను. అద్దంగోడ వెంబడి పాకి, చప్పుడు లేకుండా ఆ రెండో చివరకి చేరి, ఊపిరి బిగబట్టి, సైనికుడిలా ఒక సెల్యూట్ కొట్టి అలాగే నిలబడ్డాను.

ఆయన తల తిప్పలేదు. మొహం కరెంటు స్తంభమే.

"నా ఎరుపుకి అడ్డమొచ్చావు" అన్నాడు.

తర్వాత పెదాలు బిగించి, నోటితోనే కొట్టాడు.

పీప్, పీప్.